ఆక్సిజన్ మిషన్లా, మెడికల్ క్యాంపా? ముందు ఊరి ఆరోగ్యం లెక్క రాయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఊరు పొదిలి దగ్గర. సెకండ్ వేవ్‌లో ఊళ్లో చాలామందిని పోగొట్టుకున్నారు. అప్పుడు అన్నం ప్యాకెట్లు పంచడానికి కుర్రాళ్లు పెట్టుకున్న సంఘం ఇంకా నడుస్తోంది. బయట ఉద్యోగాలు చేసుకునేవాళ్లు పంపిన డబ్బు లక్షన్నర దాకా ఉంది. మళ్లీ అలాంటి రోజు వస్తే ఊరు చేతులెత్తేయకూడదంటే రెండు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్లు) కొని పెట్టుకోవాలా, ఏటా పెద్ద మెడికల్ క్యాంపు పెట్టాలా అని అడుగుతున్నారు. సమాజం మారాలి అని కూడా అన్నారు.

నేను ప్రకాశం, నెల్లూరు జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) హెల్త్ అసిస్టెంటుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరైనవాణ్ణి. కరోనా రెండు వేవ్‌లూ డ్యూటీలో ఉండగానే వచ్చాయి. నా సమాధానం: రెండూ వద్దు. ఇంటింటికీ తిరిగి ఊరి ఆరోగ్యం లెక్క ఒకటి రాయండి. దాన్ని నెలనెలా తప్పకుండా సరిచూసుకోండి. ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, వాళ్లలో మందు మానేసిందెవరు, రెండు వారాలకు పైగా దగ్గుతున్నదెవరు, మంచం పట్టిందెవరు, ఎవరి పిల్లలు ఏ ఊళ్లో పనిచేస్తున్నారు, ఏ కుళాయికి క్లోరిన్ అందడం లేదు. ఇంతే. మీ డబ్బులో సగం కూడా ఖర్చు కాదు. ఓపిక మాత్రం చాలా కావాలి.

కాన్సంట్రేటర్లు ఎందుకు వద్దంటే, అవి బీరువాలో దాచుకునే వస్తువులు కావు. వాడకుండా ఏళ్ల తరబడి మూలన పడేస్తే లోపలుండే జియోలైట్ (గాలిలోంచి నైట్రోజన్‌ను వడగట్టే గుళికలు) తేమ పీల్చుకుంటుంది, బయటికొచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం పడిపోతుంది. ఫిల్టర్లు కడగాలి, అప్పుడప్పుడూ నడపాలి, కరెంటు ఉండాలి. 2021లో దాతలు ఇచ్చిన మిషన్లు ఆ తర్వాత అట్టపెట్టెల్లోంచి బయటికి రాకపోవడం నేను చాలాచోట్ల చూశాను. పైగా మామూలు ఐదు లీటర్ల మిషను ఊపిరి బాగా అందని మనిషికి చాలదు, అతన్ని ఒంగోలుకో నెల్లూరుకో చేర్చాల్సిందే. అవసరం ఎప్పుడొచ్చిందో కనిపెట్టడానికి వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్లు నాలుగు కొనుక్కోండి. 94 శాతం కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలని ప్రతి వీధిలో ఒక్కరికైనా తెలిసి ఉంటే చాలు.

మెడికల్ క్యాంపుల సంగతి. పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకు ముగుస్తాయి. ఆ టైముకి కూలివాళ్లు మిరప చేలోనో పొగాకు బ్యారన్ దగ్గరో ఉంటారు. మంచంలో ఉన్నవాళ్లు రాలేరు. వచ్చేదంతా నడవగలిగినవాళ్లే. నడిచొచ్చి, లైన్లో నిలబడి, ఆయాసపడుతూ కూర్చున్న మనిషికి వెంటనే బీపీ చూసి ఎక్కువుందంటారు, పది రోజుల మాత్రలిచ్చి పంపిస్తారు. పదకొండో రోజు సంగతి ఎవరికీ పట్టదు. డాక్టర్ల తప్పు కాదిది. ఒక్క పూటలో అంతకన్నా చేయడం ఎవరివల్లా కాదు.

ఇక అసలు విషయం. కరోనా కొత్త జబ్బే గానీ, మన ఊళ్లలో అది తీసుకుపోయినవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు, బీపీ, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు. చాలామందికి షుగర్ ఉందని ఆస్పత్రిలో చేర్చిన రోజే తెలిసింది. రేపు ఏ జబ్బొచ్చినా ముందు దెబ్బతినేది వీళ్లే. ఏ జబ్బూ రాకపోయినా పక్షవాతంతోనో గుండెపోటుతోనో పోయేదీ వీళ్లే. అందుకని బీపీ, షుగర్ అదుపులో ఉన్న ఊరు తర్వాతి మహమ్మారికి సగం సిద్ధమైనట్టే.

"ఏఎన్ఎమ్మలు (సబ్‌సెంటరు నర్సమ్మలు) ట్యాబుల్లో ఇదంతా ఎక్కిస్తున్నారు కదా" అంటారేమో. ఎక్కిస్తున్నారు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ పరీక్షించి నమోదు చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. మాత్రలు సబ్‌సెంటర్లో ఉచితంగా ఇస్తారు. లోటల్లా ఒక్కచోటే: మానేసినవాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లి తలుపు తట్టే మనిషి చాలడం లేదు. ఏఎన్ఎం ఒక్కతే, ఆమెకు గర్భిణులు, టీకాలు, సర్వేలు, రిపోర్టులు. మీ సంఘం చేరాల్సింది అక్కడే.

ఉదయగిరి వైపు ఒక ఊళ్లో ఒకావిడ ఉండేది. ఆమెకు ప్రతి నెలా మాత్రలు ఇస్తున్నట్టు రిజిస్టర్లో ఉంది, బీపీ చూస్తే 180 దాటి ఉంది. "మాత్రలు చూపించమ్మా" అంటే లోపలికెళ్లి పోపుల డబ్బా పక్కనున్న స్టీలు గిన్నె తెచ్చింది. నాలుగు నెలల స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండు వేసి, ఒక్కటి కూడా విప్పకుండా ఉన్నాయి. "తల తిరిగినప్పుడు ఏసుకుందామని దాచినా అబ్బయా. ఇప్పుడు బాగానే ఉండా గదా" అంది. బీపీ ఎక్కువున్నా ఒంటికి ఏమీ తెలియదని, తల తిరిగేదాకా ఆగకూడదని ఆమెకు అంతవరకూ ఎవరూ విడమర్చి చెప్పలేదు. పక్కింటి కోడలు రోజూ అన్నం తిన్నాక గుర్తుచేసేలా మాట్లాడి వచ్చాం. తర్వాత అదుపులోకి వచ్చింది. రిజిస్టర్లో మాత్రం ఆమె మొదటినుంచీ మందు వాడుతున్నట్టే ఉంది. మీ కుర్రాళ్లు అడగాల్సింది "మాత్రలు తెచ్చుకున్నారా" అని కాదు, "స్ట్రిప్పు చూపించండి" అని.

బీపీ చూడడం కూడా నేర్చుకోండి. డిజిటల్ మిషను చేతికి కట్టే రకం తీసుకోండి, మణికట్టుది వద్దు. లావు చేతులకు పెద్ద పట్టీ వేరే కొనాలి, లేకపోతే లేని బీపీ చూపిస్తుంది. మనిషిని ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, అంతకుముందు అరగంటలో టీ, చుట్ట, బీడీ ఉండకూడదు. రెండుసార్లు చూడాలి. 140/90 దాటి ఉంటే మరో రోజు చూసి, అప్పుడూ అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి పంపాలి. మందు మీరు చెప్పకూడదు, మోతాదు మార్చకూడదు. గీత అక్కడ గీసుకోండి.

ఇప్పుడు నీళ్లు. శుక్రవారం డ్రై డే (దోమలు పెరగకుండా నీళ్ల తొట్లు ఖాళీ చేసే రోజు) నాడు పంచాయతీ సిబ్బందితో కలిసి మీరే ట్యాంకు దగ్గరికి వెళ్లండి. మంచి బ్లీచింగ్ పౌడరైతే 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది, నీళ్లు మురికిగా ఉంటే ఎక్కువ పడుతుంది. పొడిని నేరుగా ట్యాంకులో పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. అరగంట ఆగాలి. సంచి మూతి విప్పి పెట్టిన పౌడరు రోజురోజుకీ బలం తగ్గుతుంది, గత ఏడాది సంచి ఈ ఏడాది సున్నంతో సమానం.

ఆ తర్వాత పరీక్ష ట్యాంకు కింద కుళాయి దగ్గర చేయకండి. ఊరి చివరి కుళాయి దగ్గర చేయండి. క్లోరోస్కోపులో (నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే చిన్న కిట్టు) నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి, అది కనీసం 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మిల్లీగ్రాముల) క్లోరిన్ చూపించాలి. ఒకసారి నేను చూసిన ఊళ్లో మొదటి కుళాయి దగ్గర ముదురు పసుపు, బజారులో లేత పసుపు, కాలనీ చివర తెల్లగా నీళ్లలాగే ఉండిపోయింది. పైపు వెంట నడుచుకుంటూ పోతే మురిక్కాలవ అడుగున జాయింటు లీకై ఉంది. నీళ్లు వదిలినప్పుడు బయటికి కారుతుంది, ఆపాక కాలవ నీళ్లు లోపలికి పీలుస్తుంది. విరేచనాలు ఎప్పుడూ ఆ కాలనీలోనే ఎందుకొస్తున్నాయో అంతదాకా ఎవరికీ అర్థం కాలేదు, వాళ్లకు శుభ్రత తెలియదనే మాటొకటి ఊళ్లో తిరుగుతుండేది. పైపు మార్చాక జబ్బూ తగ్గింది, ఆ మాటా తగ్గింది. చివరి కుళాయి దాదాపు ప్రతి ఊళ్లోనూ ఎస్సీ కాలనీలోనో యానాదుల గుడిసెల దగ్గరో ఉంటుంది. అందుకే అక్కడినుంచి మొదలుపెట్టమంటున్నాను.

మీది పొదిలి ప్రాంతం కాబట్టి ఇంకో మాట. క్లోరిన్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను ఏమీ చేయలేదు. కాచినా పోదు, నీళ్లు ఇంకిపోయి ఇంకా చిక్కబడుతుంది. మీ ప్రాంతం పాత నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లోనే, ఇక్కడి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి వైద్యులు రాశారు. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది ఇక్కడే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, అంటే జిల్లా కన్నా ఈ సమస్య పాతది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మీ ఊరి ప్రతి బోరు నీళ్లనూ ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో పరీక్ష చేయించి, ఫలితం బోరు మీదే పెయింటుతో రాయించండి. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి మంచిది, ఇంకోటి చెడ్డది కావచ్చు. ఎక్కువున్నది బట్టలకు, గొడ్లు కడగడానికి. వంటకు, తాగడానికి మంచిది. క్యాన్ నీళ్లు తాగుతున్నాం కదా అని వంట బోరు నీళ్లతో చేసే ఇళ్లు ఎన్నో, అన్నంలో పప్పులో అదే ఫ్లోరైడ్ లోపలికి పోతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ఇది ముందుగా చెప్పాలి, పళ్లు గట్టిపడే వయసు అదే. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురెవరో కనుక్కోండి, కిట్టు ఎక్కడుందో కనుక్కోండి.

దగ్గు. కరోనా కాలంలో టీబీ పరీక్షలకు పెద్ద దెబ్బ తగిలింది. టీబీకి వాడే ట్రూనాట్ మిషన్లనే కరోనా పరీక్షలకు వాడారు, దగ్గుతున్నవాళ్లు భయపడి ఇంట్లోంచి కదల్లేదు. దేశంలో 2019లో 24 లక్షల టీబీ కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే అయ్యాయి. జబ్బు తగ్గి కాదు, కనిపెట్టక. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్న ప్రతి మనిషి కళ్లెనూ పరీక్షకు పంపాలి. మందు ఉచితం, మందు వాడినన్నాళ్లూ తిండికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మీ ఊరినుంచి చీమకుర్తి క్వారీలకు, పాలిషింగ్ ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లుంటే వాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టుకోండి. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. అది ఉన్నవాడికి టీబీ తేలిగ్గా పడుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకలాగే కనిపించి, టీబీ మందే మళ్లీ మళ్లీ వాడినవాళ్లున్నారు. "ఏం పని చేస్తావు" అని డాక్టరు అడక్కపోయినా రోగి చెప్పేలా నేర్పండి.

ఎవరు ఏ ఊళ్లో పనిచేస్తున్నారో ఎందుకు రాయమన్నానంటే, రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు 2020 మార్చిలో ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన విద్యార్థి. మేలో చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి లారీలతో పాటు నెల్లూరు జిల్లాకు కేసులు వచ్చాయి. జబ్బు రోడ్డు వెంట వస్తుంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో మీ వాళ్లు ఎవరున్నారో ముందే తెలిస్తే, వచ్చినవాళ్లను పట్టుకుని నిలదీయకుండా ముందే ఒక గది, భోజనం ఏర్పాటు చేయొచ్చు.

ఇక మీరు "సమాజం మారాలి" అన్నారే, ఆ మాటకు నాకు తెలిసిన అర్థం ఇదీ. భయం వేసినప్పుడు మనిషి తనకు జవాబు చెప్పేవాడి దగ్గరికి పోతాడు. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఇచ్చే కరోనా మందు కోసం వేలమంది ఎగబడ్డారు, అంబులెన్సుల్లో రోగులను తీసుకొచ్చినవాళ్లున్నారు. ఆ జనాన్ని తప్పుపట్టాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఫోన్ ఎత్తే డాక్టరు లేక, పడక దొరక్క, తెల్లారేసరికి మనిషి ఉంటాడో లేదో తెలియక వచ్చారు. కానీ ఆ గుంపులో ఎంతమందికి కొత్తగా అంటుకుని ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ బాధ. 2020 జూలై చివర కురిచేడులో మద్యం దుకాణాలు మూసేస్తే శానిటైజరును నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగి పదిమందికి పైగా చనిపోయారు. రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. దానికి వైద్యం ఉంది. ఈ సంగతి వాళ్ల ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు. మీ లెక్కలో ఈ వివరం బాహాటంగా రాయకండి, కానీ ఆశా కార్యకర్తకు ఏ ఇల్లో తెలిసి ఉండాలి. మనసు బాగాలేనివాళ్లకు 14416 టెలీ మానస్ నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. సెకండ్ వేవ్‌లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లకు ఈ నంబరుతో పాటు మీరూ ఒకసారి వెళ్లండి. ఇన్నేళ్ల తర్వాత ఎందుకులే అనుకోవద్దు, చాలా ఇళ్లలో చివరిచూపు కూడా దక్కలేదు.

యానాదుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రొయ్యల గుంటల కాపలాకో, చేల పనికో ఊరూరా తిరుగుతుంటారు కాబట్టి ఏ జాబితాలోనూ కుదురుగా ఉండరు. ఆధార్ లేదని, ఫోన్ నంబరు లేదని టీకాల లెక్కలోంచి తప్పిపోయిన కుటుంబాలను నెల్లూరు తీరంలో నేను చూశాను. కార్డు ఉన్నా లేకపోయినా మనిషి ఉన్నాడు కాబట్టి రాయండి. పగటిపూట వెళితే దొరకరు, పొద్దుగూకాక వెళ్లాలి.

జాగ్రత్తలు రెండు. మొదటిది, ఈ పుస్తకం వాట్సప్ గ్రూపులోకి వెళ్లకూడదు. 2020లో పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు గ్రూపుల్లో తిప్పితే పాలు పోసేవాడు కూడా ఆ ఇంటికి పోలేదు. ఏప్రిల్లో చెన్నైలో చనిపోయిన మన నెల్లూరు డాక్టరు అంత్యక్రియలనే జనం అడ్డుకున్నారు. పుస్తకం ఆశా దగ్గరో ఏఎన్ఎం దగ్గరో ఉండాలి. మీ కుర్రాళ్లకు తమ వీధి పేర్లు మాత్రమే తెలియాలి, అదీ ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే. రెండోది, ఏఎన్ఎంను, ఆశాను పక్కనపెట్టి మీరే నడపాలని చూడకండి. "మీ పని మీరు చేయట్లేదు కాబట్టి మేం చేస్తున్నాం" అన్న ధోరణిలో వెళితే నెల తిరక్కుండా ఆగిపోతుంది. ఊరి ఆర్‌ఎంపీతో కూడా మాట్లాడండి. జ్వరం వస్తే జనం ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. ఈ వారం జ్వరాలు ఎక్కువయ్యాయని మొదట తెలిసేదీ ఆయనకే. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌లు ఊరికే వేయొద్దని పీహెచ్‌సీ డాక్టరు చేతే చెప్పించండి. 2021లో షుగర్ ఉన్నవాళ్లకు విచ్చలవిడిగా వేసిన స్టెరాయిడ్లకూ బ్లాక్ ఫంగస్‌కూ ఉన్న సంబంధం ఆ ఆర్‌ఎంపీకీ తెలుసు.

డబ్బు సంగతి. బీపీ మిషన్లు రెండు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, ఆక్సీమీటర్లు, క్లోరోస్కోపు, దాని మందు (గడువు తేదీ చూసి కొనండి), పుస్తకాలు. మిగిలింది బ్యాంకులో ఉంచి, మంచంపట్టినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో ఖర్చులకు, ఏటా స్ట్రిప్పులకు వాడండి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ పేరుతో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఏడాదికి 10,000 రూపాయల దాకా నిధి ఉంటుంది. అది వచ్చిందా, దేనికి ఖర్చయిందని సర్పంచిని మర్యాదగా అడగండి. ఆ కమిటీ నెలకోసారి కూర్చోవాలి, మీ లెక్క చూసుకోవడానికి అదే సరైన చోటు.

ఆ లెక్కలోనే చావులు కూడా రాయండి. 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయిస్తే ఖర్చు లేదు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. కరోనా మృతుల కుటుంబాలకు 50,000 రూపాయలు ప్రకటించినప్పుడు, పరీక్ష చేయించకుండా ఇంట్లోనే పోయినవాళ్ల భార్యలు కాగితం లేక ఆఫీసుల చుట్టూ తిరిగారు.

ఒకవేళ డబ్బిచ్చినవాళ్లు క్యాంపే పెట్టాలని పట్టుబడితే పెట్టండి, కాకపోతే సంక్రాంతి సెలవుల్లో, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా, కాలనీలో. పిలవాల్సింది ఊరందరినీ కాదు, మీ లెక్కలో బీపీ, షుగర్ అదుపులో లేనట్టు తేలినవాళ్లను, కళ్లె పరీక్షకు రానివాళ్లను. డాక్టరు ముందు వాళ్ల ఆరు నెలల రీడింగులు పెట్టండి. మొదటి మూడు నెలలు చేశాక ఎక్కడ ఆగిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.